అన్నదమ్ములున్నారా అని అడిగారు

"మీకు అన్నదమ్ములు ఎవరైనా ఉన్నారా?" అని హైదరాబాద్‌లో డాక్టరమ్మ అడిగితే లేరన్నాను. ఉన్నాడు, నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. ఆ రోజు మా చికిత్సకు కట్టిన డబ్బులో సగం వాడు చిట్టీ ఎత్తి తెచ్చిచ్చిందే. ఇది 2013 నాటి మాట. నేనాడిన ఆ అబద్ధం వల్ల వాడి భార్య, అంటే నా మరదలు, తనలో లేని లోపానికి ఏళ్ల తరబడి మందులు మింగింది. పిల్లలు పుట్టకపోవడం తమ వల్లనే అయినప్పుడు మగవాళ్లు దాని గురించి రాయరు. రాసినా పక్కింటాయన సంగతిలా రాస్తారు. నాది నేనే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను, ఇందులో ఉన్నది నా ఒక్కడి పరువు కాదు.

నేను వరంగల్ సుబేదారిలో అదాలత్ దగ్గర దస్తావేజులు రాస్తాను. కోర్టు, కలెక్టరేటు, కాస్త అవతల ఆర్ట్స్ కాలేజీ. పొద్దున పది దాటితే మా వైపు నిలబడే చోటుండదు. భూమి అమ్మడానికి వచ్చినవాడిని నేను మొదట అడిగేది లింకు డాక్యుమెంట్లు. ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, తీయమంటాను. తాతల ఆస్తి అయితే అన్నదమ్ములెందరు, ఆడపిల్లలెందరు, అందరూ సంతకాలు పెడతారా అని ఆరా తీస్తాను. ఒక వారసుడిని దాచిపెట్టి కాగితం రాయించుకుపోదామని చూసేవాళ్లు దొరుకుతూనే ఉంటారు. వాళ్లను తిట్టి పంపిన రోజులున్నాయి. జన్యువులు కూడా తాతల ఆస్తే. వాటాదారుడిని దాచిన పని మాత్రం నేనే చేశాను.

మా నాయిన సొంత అక్క బిడ్డను చేసుకున్నాడు. మా వైపు అప్పట్లో అది ఎవరూ వింతగా చూసే సంగతి కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి వద్దంటూనే, ఆచారం ఉన్నచోట దానికి వీలిచ్చింది. ఆస్తి బయటికి పోదు, ఆడపిల్ల కళ్లముందే ఉంటుంది, కట్నం బరువు తగ్గుతుంది. మేం ముగ్గురం పుట్టాం: నేను, చెల్లెలు, తమ్ముడు. ముగ్గురం ఆరోగ్యంగా పెరిగాం. మేనరికాల వల్ల పిల్లలకు ఏదో అవుతుందని స్కూల్లో సైన్స్ సారు చెప్పినప్పుడు నేను నా కాళ్లూ చేతులూ చూసుకుని నవ్వుకున్నాను.

నా పెళ్లి 2008లో అయింది. నా భార్యది జనగామ వైపు, మాకు చుట్టరికం లేదు. రెండేళ్లు గడిచాక మొదలైంది ఆమె ఆసుపత్రుల యాత్ర. స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, గర్భాశయంలోకి రంగుమందు ఎక్కించి ట్యూబులు తెరుచుకున్నాయో లేదో ఎక్స్‌రే తీసే పరీక్ష. ఆ పరీక్ష రోజు ఆమె నొప్పితో బల్ల అంచు పట్టుకుని వంగిపోయిందని తోడు వెళ్లిన మా వదినె వరస ఆమె చెప్పింది. నేను ఆఫీసు పని ఉందని వెళ్లలేదు. ఆ తర్వాత పొట్టకు చిన్న రంధ్రం చేసి లోపల చూసే లాపరోస్కోపీ. అన్నీ బాగున్నాయన్నారు. నా పరీక్ష సంగతి డాక్టర్ ఎత్తినప్పుడల్లా మా అమ్మ మాటే నా నోట్లోంచి వచ్చేది. అమ్మ అనేది: "మా అత్తకు ఏడుగురు, నాకు ముగ్గురు. మనింట్ల గసొంటి దోషం యాడిది?"

తర్వాత తెలిసింది, ఆ వాదనలో పస లేదని. పిల్లలు పుట్టనివ్వని జన్యులోపం తండ్రిలో పైకి కనిపించి ఉండాలంటే ఆ తండ్రికి కొడుకే పుట్టి ఉండడు గదా! అలాంటి లోపం సాధారణంగా మూడు దారుల్లో వస్తుంది. కొడుకు పుట్టుకలోనే కొత్తగా ఏర్పడవచ్చు. తల్లిదండ్రులిద్దరిలో చెరొక చెడ్డ ప్రతి కనబడకుండా ఉండి, కొడుకులో రెండూ కలవవచ్చు. ఆడవాళ్లకు ఏ బాధా పెట్టకుండా తల్లి వైపు నుంచి జారి రావచ్చు. ఏ దారిన వచ్చినా తాతకు ఏడుగురు పుట్టారన్నది సాక్ష్యం కాదు. మా ఇళ్లల్లో ఇప్పటికీ చెల్లుతున్న సాక్ష్యం అదే.

ఊళ్లో 1959 నుంచి కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది, ఎంజీఎం ఆసుపత్రి ఉంది. అయినా మగవాడి పరీక్ష అనగానే కాజీపేటలో రైలెక్కి ఎవరూ గుర్తుపట్టని చోటికి పోవాలనిపిస్తుంది. నేను అదీ చేయలేదు. ఎక్కడో ఒక చిన్న ల్యాబ్‌లో, చీకటి పడ్డాక, డబ్బా ఇచ్చి వచ్చాను. రిపోర్టు వచ్చింది. మిల్లీలీటరుకు 6 కోట్ల కణాలు. కదలిక 60 శాతం. రూపం: నార్మల్ 80 శాతం. మా భాషలో చెప్పాలంటే "కౌంట్ మస్తుంది". ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లి అమ్మకు చూపించాను. అమ్మకు చదువు రాదు. అయినా దాన్ని చూసి నా భార్య వైపు చూసింది.

ఆ కాగితంలో 80 శాతం అన్న అంకె దగ్గర నేను ఆగాల్సింది. కణాల లెక్కకు మామూలు మైక్రోస్కోపు, తెలిసిన చెయ్యి ఉంటే చాలు. రూపం చూడాలంటే స్లైడు మీద పూత ఆరనిచ్చి, రంగు వేసి, పెద్ద లెన్సు కింద ఒక్కొక్క కణాన్నీ చూస్తూ కనీసం 200 లెక్కపెట్టాలి. తల కోలగా ఉందా, మెడ సరిగా అతికిందా, తోక ఒక్కటేనా, చుట్టుకుపోయిందా అని చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన మాన్యువల్ ప్రకారం సరైన రూపం ఉన్న కణాలు 4 శాతం ఉన్నా చాలు, కింది హద్దు అదే. 2021లో వచ్చిన ఆరో కూర్పులోనూ ఆ 4 అలాగే ఉంది. కౌంటుకు హద్దు మిల్లీలీటరుకు 1.6 కోట్లు, మొత్తం మీద 3.9 కోట్లు, కదలికకు 42 శాతం. పిల్లలున్న మామూలు మగవాళ్లలోనే ఎక్కువ భాగం కణాలు వంకరగానే ఉంటాయి. కాబట్టి ఎనభై శాతం నార్మల్ అని ఎవరైనా రాశారంటే రంగు వేసి లెక్కపెట్టలేదని నేను ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు మాత్రం ఆ ఎనభైని పరీక్షలో వచ్చిన మార్కుల్లా మురిసిపోతూ చూసుకున్నాను.

ఆ ఒక్క కాగితం మీద ఇంకా చాలా నడిచింది. నా భార్యకు అండాలు పెంచే మాత్రలు, సూదులు. నా కణాలను శుభ్రం చేసి గర్భాశయంలోకి ఎక్కించడం. ఎవరో చెప్పారని నేను అశ్వగంధ, ఏవేవో లేహ్యాలు తిన్నాను. అవి తిన్నందుకు ఆకలి బాగా వేసింది, అంతే. 2012లో మేడారం జాతరకు వెళ్లాం. కన్నెపల్లి నుంచి సారలమ్మను తీసుకొచ్చేటప్పుడు పిల్లలు లేనివాళ్లు తడిబట్టలతో దారిలో బోర్లా పడుకుంటారు. పూజారులు వాళ్లను దాటుకుంటూ వెళతారు. వరం పట్టడం అంటారు దాన్ని. అక్కడ మగవాళ్లూ పడుకుంటారు. నా భార్య పడుకుంది. నేను ఆమె సంచీ, చెప్పులు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

మరుసటి ఏడు హైదరాబాద్‌లో ఇక్సీకి వెళ్లాం. ఒక్కొక్క అండంలోకి ఒక్కొక్క వీర్యకణాన్ని సూదితో పంపే పద్ధతి అది. 1992లో బ్రస్సెల్స్‌లో మొదలై మగవాళ్ల వంధ్యత్వానికి పెద్ద దిక్కయింది. ఒక్క మంచి కణం చాలు గదా అని నేను ధైర్యంగా ఉన్నాను. తీసిన అండాల్లో ఒక్కటీ ఫలించలేదు. అప్పుడు అక్కడి ఎంబ్రియాలజిస్టు స్లైడుకు రంగు వేసి నన్ను పిలిచి చూపించాడు. నాకు సైన్స్ రాదు. కానీ గోడకు వేలాడదీసిన బొమ్మలోని కణాలు కోలగా, ముందువైపు సన్నగా ఉన్నాయి. నావి గుండ్రంగా ఉన్నాయి. అన్నీ. వెతికినా కోలగా ఉన్నది ఒకటి కనబడలేదు.

దాన్ని గ్లోబోజూస్పెర్మియా అంటారు. వీర్యకణం తల మీద పలచటి సంచి ఒకటి ఉంటుంది, ఆక్రోసోమ్. అండం చుట్టూ ఉన్న పొరను కరిగించే ఎంజైములు అందులో ఉంటాయి. నా కణాలకు ఆ సంచి లేదు. ఈదుతాయి, చేరతాయి, లోపలికి వెళ్లలేవు. సూదితో లోపలికి పంపినా చాలాసార్లు పని జరగదు. అండాన్ని మేల్కొలిపి విభజన మొదలుపెట్టించే ప్రొటీన్ ఒకటి మామూలుగా వీర్యకణం తలతో పాటు వెళుతుంది. గుండ్రటి తలల్లో అది ఉండదు, లేదా బాగా తక్కువగా ఉంటుంది. మగతనానికీ దీనికీ సంబంధం లేదు. గడ్డం, గొంతు, దాంపత్యం, హార్మోన్లు అన్నీ మామూలే. కౌంట్ కూడా మామూలుగా ఉండవచ్చు. అందుకే కౌంట్ ఒక్కటే చూసేవాళ్ల కళ్లలో ఇది పడదు. పిల్లలు పుట్టని మగవాళ్లలో వెయ్యికి ఒకరికి కూడా ఉండదట.

డాక్టరమ్మ మొదట అడిగింది మా అమ్మానాన్నలు దగ్గరి చుట్టాలా అని. అక్క బిడ్డ అని చెప్పాను. ఇది జన్యువుల వల్ల వచ్చేదై ఉండొచ్చని, తల్లిదండ్రులిద్దరిలో చెరొక చెడ్డ ప్రతి ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ రెండూ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతని కాగితం మీద గీసి చూపించింది. ఆ తర్వాతే అన్నదమ్ముల గురించి అడిగింది.

లేరన్నాను.

బయటికి వచ్చాక నా భార్య అడిగింది. "తమ్ముడున్నడు గద, లేడని ఎందుకన్నరు?"

"వాని పెండ్లి మాటలు నడుస్తున్నయి. ఇప్పుడిది బయటపెట్టి చెడగొడుదమా?"

ఆమె ఇంకేమీ అనలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంటికి వచ్చాక అమ్మ ఏమన్నారని అడిగితే, అండాలు బాగా లేవన్నారని చెప్పాను. నా భార్య వంటింట్లో ఉంది, విన్నది. ఆ తర్వాత చుట్టాలిళ్లలో తొట్టెల ఫంక్షన్లకు ఆమెను పిలవడం తగ్గింది. పిలిచినా బిడ్డను ఉయ్యాలలో వేసే సమయానికి ఆమెకు ఏదో ఒక పని చెప్పి పక్క గదికి పంపేవాళ్లు. అమ్మ 2020లో పోయింది, కోడలి అండాలు బాగా లేవనే అనుకుంటూ.

తమ్ముడి పెళ్లి 2014లో మా మేనమామ బిడ్డతో జరిగింది. మళ్లీ మేనరికమే. ఆ పెళ్లి పత్రికలో పై వరసలో నా పేరుంది. ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు. మా ఇంట్లో జరిగిందంతా వాళ్లింట్లో మళ్లీ మొదటి నుంచి మొదలైంది. అదే ట్యూబుల పరీక్ష, అదే లాపరోస్కోపీ, అవే సూదులు. తమ్ముడికి కూడా ఎక్కడో కౌంట్ నార్మల్ అని కాగితం ఇచ్చారు. వాడు ఫోన్ చేసి "అన్నా, నువ్వు పోయిన హాస్పిటల్ మంచిదేనా?" అని అడిగితే వేరే పేరు చెప్పాను. ఎక్కడ నా ఫైలు బయటపడుతుందోనని భయం. అక్కడి డాక్టర్లు నా సంగతి వాడికి చెప్పరని నాకప్పుడు తెలియదు. రోగి రహస్యం రోగిదే, అతను ఒప్పుకోకుండా అన్నదమ్ములకైనా చెప్పకూడదు. అంటే ఆ సంగతి వాడికి చేర్చగలిగిన మనిషిని నేనొక్కడినే.

నాలుగింట ఒక వంతు అంటే తప్పకుండా వస్తుందని కాదు. మూడు వంతులు రాదు. ఆ మూడు వంతుల మీద ఆశ పెట్టుకుని కూర్చున్నానని చెప్పుకోవచ్చు. నిజానికి నేను ఆ లెక్క కూడా వేయలేదు. ఆలోచన రాకుండా తలుపు వేసుకున్నాను.

2022లో పేపర్లో ఒక వార్త వచ్చింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అప్పటికి సీడీఎఫ్‌డీ అనే మరో పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా ఉన్న డాక్టర్ తంగరాజ్ నాయకత్వంలో, భారతీయ మగవాళ్లలో సంతానలేమికి కారణమయ్యే ఎనిమిది జన్యువులను గుర్తించారని. ముందు 47 మంది జన్యువుల్లో ప్రొటీన్లకు సూచనలిచ్చే భాగాలన్నీ చదివారు. అందులో దొరికిన మార్పులను దేశంలో వేర్వేరు చోట్ల నుంచి తీసుకున్న సుమారు 1,500 మందిలో సరిచూశారు. వాటిలో సెంట్రిన్-1 అనే జన్యువులో మార్పు వస్తే కణవిభజన మధ్యలో ఆగిపోయి వీర్యకణాలు సరిగా తయారుకావని రాశారు. సికింద్రాబాద్, కోల్‌కతా ఆసుపత్రులకు వచ్చిన మగవాళ్లు ఆ పరిశోధనలో ఉన్నారు. అంటే మనవాళ్లే. రక్తం ఇచ్చి, సంతకం పెట్టి, మా సంగతి చూడండి అని ముందుకొచ్చిన మనుషులు. ముక్కూ ముఖం తెలియని పరిశోధకులకు వాళ్లు చెప్పుకున్న మాట నేను నా తోడబుట్టినవాడికి చెప్పలేదు. ఆ రోజు పేపరు మడిచి తీసుకుని తమ్ముడింటికి వెళ్లాను.

చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇప్పుడేం చెయ్యాలె అన్నా?" అన్నాడు. మరదలు మాత్రం ఒక్కటే అడిగింది. "బావా, మీకు తెలిసినప్పటికి నా పెండ్లి కాలేదు గద?"

కాలేదు. ఏడాది ముందే నాకు తెలుసు. తెలిసి కూడా ఆమె చేసుకునేదేమో, పుట్టినప్పటి నుంచి అనుకున్న సంబంధం. చేసుకోకపోయేదేమో. ఆ నిర్ణయం ఆమెది కాకుండా నేను చేశాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆమె నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. అందులో తప్పేమీ లేదు.

ముగ్గురం తోబుట్టువుల్లో ఇద్దరం హైదరాబాద్ వెళ్లి రక్తం ఇచ్చాం. మా ఇద్దరిలోనూ పన్నెండో క్రోమోజోము మీద ఉండే డీపీవై19ఎల్2 అనే జన్యువు రెండు ప్రతులూ పూర్తిగా లేవు. తల మీది ఆ సంచిని కేంద్రకానికి అతికించి ఉంచే ప్రొటీన్‌ను తయారుచేసేది ఆ జన్యువే. అతుకు లేకపోతే సంచి ఊడిపోతుంది, తల కోలగా సాగదు. 2011లో ఫ్రాన్సులోని రెండు బృందాలు దీన్ని కనిపెట్టాయి. ఒకరికి దారి చూపింది ట్యునీషియా మగవాళ్లు, ఇంకొకరికి చుట్టరికంలో పెళ్లిళ్లు జరిగిన జోర్డాన్ కుటుంబం. అంతకుముందు 2007లో ఒక యూదు కుటుంబంలో ఆరుగురు అన్నదమ్ముల్లో ముగ్గురికి ఇలాంటి గుండ్రటి తలలే ఉంటే, స్పాటా16 అనే వేరే జన్యువు బయటపడింది. ఈ కథలన్నింటిలో నాకు ఒకటే కనిపించింది. శాస్త్రం ముందుకు కదిలింది ఒక్క రోగి వల్ల కాదు, చాలామంది, కొన్నిచోట్ల అన్నదమ్ములంతా, వచ్చి కూర్చున్నందువల్ల.

ఆడవాళ్లకు ఈ జన్యువు లేకపోయినా నష్టం లేదని కౌన్సెలింగ్ చేసిన ఆమె చెప్పింది. మా చెల్లెలికి ఇద్దరు కొడుకులు. తను పరీక్షకు ఇంకా రాలేదు. వాళ్ల నాన్నది బయటి సంబంధం కాబట్టి ఆ పిల్లలకు ఒక మంచి ప్రతి ఉండే ఉంటుంది, వాళ్లకు భయం లేదన్నారు. కానీ వాళ్లకు రేపు మళ్లీ ఇంట్లో సంబంధమే చూస్తే సంగతి వేరు. మేనమామ, అక్క బిడ్డ పెళ్లి చేసుకుంటే పుట్టే బిడ్డలో ఏ జన్యువైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవి కావడానికి ఎనిమిదింట ఒక వంతు అవకాశం. మేనత్త, మేనమామ పిల్లల పెళ్లి అయితే పదహారింట ఒక వంతు. మా నాయిన చేసుకున్నది మొదటి రకం. తమ్ముడు చేసుకున్నది రెండో రకం కనుక, మరదలిలో ఆ చెడ్డ ప్రతి ఉందేమో కూడా చూశారు. లేదు. ఉండి ఉంటే వాళ్లకు పుట్టబోయే మగపిల్లల్లో సగం మందికి ఇదే వచ్చే అవకాశం.

కౌన్సెలింగ్ ఆమె చెప్పినదాంట్లో నన్ను బాగా కుదిపింది ఇంకొకటి. జన్యు పరీక్ష చేయించుకోవడం చికిత్స కోసమే అనుకున్నాను. ఎవరికి చెప్పాల్సిన బాధ్యత మన మీద ఉందో కూడా అదే చెబుతుంది. వీర్యంలో కణాలే లేని మగవాడి వై క్రోమోజోములో కొంత భాగం ఊడిపోయిందనుకోండి. సీసీఎంబీ వాళ్లు 2003లో ప్రచురించిన లెక్కలో 340 మంది అలాంటి మగవాళ్లలో 29 మందికి, అంటే 8.5 శాతం మందికి, ఈ లోపం ఉంది. ఇది ఎక్కువగా ఆ మనిషి పుట్టుకలోనే కొత్తగా జరుగుతుంది. తండ్రికి ఉండదు, అన్నదమ్ములకు భయం లేదు. కానీ ఇక్సీ ద్వారా కొడుకు పుడితే ఆ కొడుకుకు తప్పకుండా వస్తుంది. చెప్పాల్సింది కింది తరానికి. పైగా ఊడిన భాగం ఏదన్నదీ ముఖ్యమే. ఏజెడ్‌ఎఫ్-సి అనే భాగమైతే వృషణంలో వెతికితే కణాలు దొరకొచ్చు. ఏజెడ్‌ఎఫ్-ఎ గానీ బి గానీ పూర్తిగా పోయి ఉంటే ఆపరేషన్ చేసి వెతికినా దొరకవు. ఆ రక్తపరీక్ష చేయించకుండా కోతకు ఒప్పుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఎక్స్ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండే క్లైన్‌ఫెల్టర్ సుమారు 600 మంది మగవాళ్లలో ఒకరికి ఉంటుంది, చాలామందికి పెళ్లయి పిల్లలు పుట్టకపోతే గానీ తెలియదు. అదీ కాకతాళీయమే, అన్నదమ్ములకు భయం లేదు. వీర్యనాళాలే పుట్టకపోవడం సీఎఫ్‌టీఆర్ అనే జన్యువు వల్ల అయితే మాత్రం తోబుట్టువులకూ సంబంధం ఉంది, భార్యకూ పరీక్ష చేయాలి. పుట్టే బిడ్డకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి. రెండు క్రోమోజోముల ముక్కలు తారుమారై అతుక్కున్నవాళ్లలో మగవాడికి కౌంట్ తగ్గొచ్చు, ఆయన అక్కచెల్లెళ్లకు గర్భాలు నిలవకపోవచ్చు. ఆమె అబార్షన్లకూ ఈయన కౌంటుకూ ఒకటే కారణమని ఇద్దరి కాగితాలూ ఒకచోట పెడితే తప్ప ఎవరికీ తట్టదు.

తమ్ముడూ మరదలూ మళ్లీ ఒకసారి ఇక్సీకి వెళ్లారు. ఈసారి డాక్టర్లకు సంగతి తెలుసు గనుక, సూదితో కణాన్ని పంపాక అండాలను కాల్షియం అయనోఫోర్ అనే ద్రావణంలో ఉంచారు. వీర్యకణం చేయాల్సిన మేల్కొలుపు దానితో చేయిస్తారు. పిండాలు తయారయ్యాయి. మా ఇంట్లో మొదటిసారి. కానీ మరదలికి అప్పటికి ముప్పై ఏడేళ్లు, అండాలు తక్కువే వచ్చాయి. గర్భం నిలవలేదు. ఇదే పని ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లప్పుడు చేసి ఉంటే అన్న ప్రశ్న ఎవరూ నన్ను అడగలేదు. ప్రస్తుతానికి ఆపేశారు.

నేనూ నా భార్యా 2017లో కేంద్ర దత్తత సంస్థ కారా ద్వారా ఒక ఆడపిల్లను దత్తత తీసుకున్నాం. బడికి వెళుతోంది, లెక్కల్లో గట్టిది. నా భార్య మీద వేసిన నింద మాత్రం తీయడానికి ఆలస్యమైంది. అమ్మకు చెప్పే వీలు లేకపోయింది. మిగిలిన చుట్టాలకు, మొన్న ఒక పెళ్లిలో భోజనాల దగ్గర, లోపం నాదని చెప్పాను. నలుగురు లేచి వెళ్లిపోయారు. ఒక కుర్రాడు మాత్రం చేతులు కడుక్కునే చోట నన్ను పక్కకు పిలిచి, తన రిపోర్టు ఫోన్లో చూపించాడు. రూపం నార్మల్ 85 శాతం అని ఉంది.

అతనికి చెప్పిందే మీకూ చెబుతాను. పెళ్లయి ఏడాది గడిచినా పిల్లల జాడ లేకపోతే మొదటి నెలలోనే మగవాడి పరీక్ష కూడా చేయించండి, రెండు రోజులకు తక్కువ, ఏడు రోజులకు ఎక్కువ కాకుండా దాంపత్యానికి ఎడం పాటించి. రంగు వేసి రూపం చూస్తారా అని ల్యాబ్‌లో అడగండి. తేడా ఉంటే రెండు మూడు నెలలాగి మళ్లీ చేయించండి. కొత్త కణం తయారుకావడానికి రెండున్నర నెలలు పడుతుంది. కణాలు అసలు లేకపోయినా, బాగా తక్కువున్నా, అన్నీ ఒకే రకంగా వంకరగా ఉన్నా, సూదులకూ కోతలకూ ముందు జన్యు పరీక్ష సంగతి అడగండి. 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత (ఏఆర్‌టీ) చట్టం ప్రకారం చికిత్సకు ముందు కౌన్సెలింగ్ ఇవ్వాల్సిన బాధ్యత క్లినిక్‌దే. కారణం కుటుంబంలో నడిచేదని తేలితే అన్నదమ్ములకు, వాళ్ల పెళ్లి కుదరక ముందే, చెప్పండి. ఎదురుగా కూర్చుని చెప్పడానికి నోరు రాకపోతే రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి.